రెండు మంచి సలహాలు

మా కాలనీకి నెలకొక కాగితం వచ్చేది. ఒకటే కాగితం, రెండు వైపులా జిరాక్సు. రాసేది మా తోడికోడలు. మా ఆయనకి వదిన, నాకు అక్క, మిగతా అందరికీ కాగితం అక్క. బావగారు పోయాక టైపిస్టు ఉద్యోగం ముందుగానే మానేసి మా ముందుగదిలోకి వచ్చేసింది. "ఉద్యోగం మానేశాను గానీ వేళ్ళ దురద మానలేదే," అని తనే నవ్వేది.

నీళ్ళ ట్యాంకరు ఏ వీధికి ఏ రోజు వస్తుంది, చెత్తబండి రాకపోతే ఎవర్ని అడగాలి, లైన్‌మన్ ఏ నంబరుకి పలుకుతాడు, ఏ నంబరుకి చచ్చినా పలకడు, కుక్క కరిస్తే సూది ఎక్కడ వేస్తారు, పింఛను దరఖాస్తుకి ఎన్ని కాపీలు పట్టుకెళ్ళాలి, ఇవన్నీ అందులో ఉండేవి. వెనకవైపు కింద గీతలు కొట్టిన గడిలో 'ఈ నెల సలహా'. సిలిండరు ఇంటికొస్తే తూయించుకోండి, వానల్లో బూట్లు దులిపి తొడుక్కోండి, అలాంటివి. అందరూ ముందు ఆ గడే చదివేవాళ్ళు. వంటింటి తలుపు లోపలివైపు అంటించుకునేవాళ్ళు. "మొగుడు చెబితే వినని వాళ్ళు కూడా కాగితం చెబితే వింటారు," అని వీధి చివర కొట్టావిడ దెప్పేది. ఆవిడ కొట్లోనూ గల్లాపెట్టె పైన అంటించే ఉండేది.

మా కాలనీలో నలభై రెండు ఇళ్ళు. ఒకే కాంట్రాక్టరు, ఒకే ప్లాను, ఒకే పిసినారితనం. స్నానాలగది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నీళ్ళు బయటికి రాకుండా ఎత్తు గడప, దానికి అతుక్కున్నట్టు బిగువైన తలుపు. వెనక గోడలో పైన ఒక వెంటిలేటరు. ఇళ్ళన్నీ ఒకే అచ్చు కాబట్టి ఒక ఇంటికి పనికొచ్చిన సలహా అన్ని ఇళ్ళకీ పనికొచ్చేది. అక్క కాగితానికి ఉన్న బలం అదే.

వానాకాలంలో జ్వరాలు వచ్చాయి. ఇంటికొకరు పడ్డారు. వెనక మురుగుకాలువలో పుట్టిన దోమలు స్నానాలగది వెంటిలేటర్లలోంచి లోపలికి వస్తున్నాయని అక్క కనిపెట్టింది. కాలువ పూడిక తీయమని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, వాళ్ళు ఎంతకీ కదలకపోతే, ఆ నెల గడిలో రాసింది: కాలువ బాగయ్యేదాకా వెంటిలేటర్లకి మందపాటి ప్లాస్టిక్ షీటు కొట్టించుకోండి. మేకులూ పట్టీలూ తీసుకుని మేస్త్రి వస్తాడు.

మేస్త్రి అంటే మా ఆయన. పైపుల పని ఆయనది. దాంతోపాటు కాలనీలో ఏది ఊడినా బిగించే పని కూడా ఆయనదే. వారం రోజుల్లో ముప్పై ఎనిమిది ఇళ్ళకి షీట్లు కొట్టాడు. నాలుగు పక్కలా చెక్కపట్టీలు, జానెడుకొక మేకు. పని చేస్తే గట్టిగా చేస్తాడని పేరు. చీమ దూరే సందు ఉంచలేదు. నెల తిరిగేసరికి జ్వరాలు తగ్గాయి.

చలికాలం వచ్చింది. నీళ్ళు కాచుకునే కరెంటు కాయిలు బకెట్లో ఉండగానే చెయ్యి పెట్టి రెండో వీధిలో ఒక ముసలాయన షాకు కొట్టి పడ్డాడు. బతికాడు గానీ ఆ చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. ఆ నెల సలహా: కాయిల్స్ పక్కన పెట్టండి, గ్యాసు గీజరు పెట్టించుకోండి, పది ఇళ్ళు కలిసి తీసుకుంటే కంపెనీవాడు తగ్గించి ఇస్తాడు. పదకొండు ఇళ్ళవాళ్ళు ముందుకొచ్చారు. బిగించింది మా ఆయనే. బయట గోడకి పెట్టమని కంపెనీవాడు అన్నాడు గానీ, వెనక సందులో గాలికి మంట ఆరిపోతుంది, పైగా రాత్రికి రాత్రి ఎవడైనా ఊడబీక్కుపోతాడు. అందుకని లోపలే, వెంటిలేటరు కింద పెట్టాడు.

కాలువ పూడిక ఇంకా తీయలేదు. షీట్లు అలాగే ఉన్నాయి.

గీజరు పెట్టించుకున్న వాళ్ళలో పోస్టుమాన్ ఇల్లు ఒకటి. నేను ఆయన్ని అన్నయ్య అంటాను, ఆవిడని వదిన అంటాను. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నన్ను అత్తా అనేది. ఆ పిల్లకి మోకాళ్ళ దాకా జడ. అందుకని అందరూ జడపిల్ల అనే పిలిచేవాళ్ళు. తల అంటుకుంటే తుడవడానికి రెండు తువ్వాళ్ళు కావాలి. పండగా పబ్బమా, నీకెందుకే ఇంత జుట్టు, కత్తిరించేయ్ అంటే, "నువ్వు పెంచుకో అత్తా, అప్పుడు నాది కత్తిరిస్తాను," అనేది, నా పిడికెడు ముడి వంక చూసి.

ఆ రోజు ఆ పిల్లకి ఉద్యోగం పరీక్ష. రెండోసారి రాయడం. పొద్దున టీ దగ్గర వాళ్ళ నాన్న గట్టిగానే తిట్టాడట. రాత్రంతా ఫోను పట్టుకుని కూర్చుందని. "ఈసారి కూడా పోగొట్టుకున్నావంటే ఇంటికి రానక్కర్లేదు," అన్నాడట. ఆ పిల్ల తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళింది.

అరగంటైనా రాలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. వాళ్ళమ్మ తలుపు కొట్టింది, పిలిచింది, తర్వాత మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. తలుపు విరగ్గొట్టింది మా ఆయనే. ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తల మీంచి వేడినీళ్ళు పోతున్నాయి. లోపలికి అడుగు పెడుతూనే మా ఆయన చెయ్యి ఎత్తి గీజరు కట్టేశాడట, అలవాటు కొద్దీ.

నేను వెళ్ళేసరికి ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. నిద్రపోతున్నట్టే ఉంది. పెదవులు ఎర్రగా, గోళ్ళు గులాబి రంగులో ఉన్నాయి. బతికున్నప్పుడు ఆ పిల్ల అంత ఆరోగ్యంగా ఎప్పుడూ కనిపించలేదు.

క్లినిక్కు డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిందని రాసిచ్చాడు. అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, కోసి చూస్తారన్నాడు. "నా బిడ్డని కొయ్యనివ్వను," అన్నాడు అన్నయ్య. అంతటితో అయిపోయింది.

అంతటితో అయిపోయిందని అనుకున్నాం. మర్నాడు కొట్టు దగ్గర మాట మొదలైంది. ఇరవయ్యేళ్ళ పిల్లకి గుండె ఎందుకాగుతుంది? పరీక్ష రోజే ఎందుకాగుతుంది? కొయ్యనివ్వలేదంటే తండ్రికి ఏదో తెలిసే ఉంటుంది. రాత్రంతా ఫోనులో ఎవరు? ఏదో మింగే ఉంటుంది. "నేనేమీ అనడం లేదమ్మా, అందరూ అనుకుంటున్నదే చెబుతున్నా," అంది కొట్టావిడ సబ్బు పొట్లం కడుతూ. నేను సబ్బు తీసుకుని వచ్చేశాను. కాదని అనలేదు. నాకూ లోపల ఎక్కడో అదే అనుమానం ఉంది మరి.

నాలుగో రోజు పొద్దున నేను గిన్నెలు తోముతున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలో కూర్చుని పనికి పోవడానికి సంచీ సర్దుకుంటున్నాడు. అక్క కొత్త నెల కాగితం రాయడానికి కూర్చుంది. గీజరు శుభ్రం చేసుకునే పద్ధతి రాద్దామని మా ఆయన అలమరలో కంపెనీ పుస్తకం కోసం వెతికింది. అక్కడ ఒకటి కాదు, పదకొండూ ఉన్నాయి.

"అబ్బాయ్, ఇవి నీ దగ్గరెందుకున్నాయి? ఇళ్ళవాళ్ళకి ఇవ్వలేదా?"

"ఎవరు చదువుతారు వదినా. ఇస్తే గిన్నెల కింద వేస్తారు."

అక్క ఒకటి తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. కాసేపటికి పుస్తకం తెరిచి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. తన కళ్ళజోడు నుదుటి మీద ఉంది. అంటే ఏదో చదివి, మళ్ళీ చదవడం ఇష్టం లేక పైకి తోసేసిందన్నమాట.

"పోస్టు వాళ్ళ వెంటిలేటరుకి షీటు తీశావా, అలాగే ఉంచావా?"

మా ఆయన తలెత్తాడు. ఎదురుగా ఆ గోడ ఉన్నట్టు పైకి చూశాడు.

"నేను దాన్ని గోడనుకున్నాను వదినా," అన్నాడు.

అక్క చదివింది. మూసిన గదిలో గీజరు వాడరాదు. మంట గదిలోని గాలిని వాడేసుకుంటుంది, గాలి చాలకపోతే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చిన మనిషి కేక వేయడానికి కూడా లేవలేడు.

"గ్యాసు వాసన రాలేదు," అన్నాను నేను. "తలుపు విరగ్గొట్టిన కాసేపటికే నేనూ వెళ్ళాను కదక్కా. వాసన లేదు."

"అదే రాశాడే ఇక్కడ. వాసన ఉండదని."

"ఆ రోజు సాయంత్రం దాకా నాకు తల పగిలిపోయింది," అన్నాడు మా ఆయన. "ఏడ్చినందుకేమో అనుకున్నా."

షీటు కొట్టింది ఆయనే, గీజరు పెట్టిందీ ఆయనే. మధ్యలో మూడు నెలలు. దుమ్ము పట్టి షీటు గోడ రంగులోకి తిరిగింది. షీటు కొట్టించుకోమంది అక్క, గీజరు పెట్టించుకోమందీ అక్కే. ఏ నెలకానెల మంచి మాటే చెప్పింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. కాలనీలో ఇంకో పది ఇళ్ళలో అదే గీజరు, అదే షీటు, అదే గడప. ఆ పొద్దున కూడా వాళ్ళంతా స్నానాలు చేసే ఉంటారు.

అక్క చెప్పుల కోసం చూస్తోంది. "ముందు ఇళ్ళన్నిటికీ చెప్పాలి. తర్వాత పోస్టు వాళ్ళకి."

గుమ్మానికి అడ్డం నిలబడ్డది నేను. ఆ తప్పు ఇంకెవరి మీదకీ నెట్టను.

"చెబితే ఈయన్ని తీసుకుపోతారక్కా. నిన్ను కూడా. పిల్లలు చిన్నవాళ్ళు."

"చెప్పకపోతే రేపు పొద్దున్నే ఇంకొకరు పోతారు."

"షీట్లు పీకేద్దాం. ఇప్పుడే, ఈ పూటే. గీజర్లు కూడా విప్పేద్దాం. కంపెనీవాడు ఏదో మార్చమన్నాడని చెబుదాం. ప్రాణాలకి ప్రమాదం లేకపోతే సరే కదా. కారణం చెప్పాలని ఎక్కడుంది?"

మా ఆయన అప్పటికే సుత్తి తీసుకున్నాడు. ఆయన నా మాట విన్నాడో లేదో కూడా తెలియదు. అక్క నా ముఖంలోకి చూసి, "సరే. ముందు అది కానీ," అంది.

ఆ పూటే పది ఇళ్ళలోనూ సిలిండర్ల గొట్టాలు పీకేశాం. షీట్లూ గీజర్లూ విప్పడానికి మూడు రోజులు పట్టింది. నేనూ ఆయన వెంట తిరిగాను, మాట ఎక్కడైనా జారుతాడేమోనని. జారలేదు. అసలు మాట్లాడితే కదా. మాట్లాడిందంతా నేనే. పాత షీట్లు పెళుసెక్కాయి, పురుగు పడుతుంది, తీసేస్తున్నాం. గీజరులో ఒక వాషరు తేడా, కంపెనీకి పంపి తెప్పిస్తాం.

"ఇప్పుడిప్పుడే ఒళ్ళు వేడినీళ్ళకి అలవాటు పడిందమ్మా," అన్నారు లెక్కల మాష్టారు. "వాషరు రావడం, నేను పోవడం ఒకే రోజు జరుగుతాయేమో చూడు." ఆయన భార్య కసిరింది. నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, ఈమధ్య స్నానం చేసినప్పుడల్లా తల తిరుగుతోంది, బీపీ అంటావా, అని అడిగింది. ఇక తిరగదులెండి అన్నాను. ఎందుకు తిరగదో ఆవిడ అడగలేదు.

పోస్టు వాళ్ళింటికి ఆఖర్న వెళ్ళాం. విరిగిన తలుపుకి అడ్డంగా బల్ల పెట్టారు. మా ఆయన సిలిండరు గొట్టం మాత్రం పీకేసి, పైన షీటు వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"వదిలెయ్ తమ్ముడూ," అంది వదిన వెనక నుంచి. "అందులోకి ఎవరు వెళ్తారు ఇంక. మేం వెనక పంపు దగ్గర పోసుకుంటున్నాం."

ఆయన సంచీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి వెళ్ళి వదినకి టీ పెట్టాను. ఆవిడ గ్లాసు పట్టుకుని తాగకుండా అడిగింది: "నీతో అన్నీ చెప్పేది కదా. ఏమైనా అందా నీతో?"

"ఏమీ అనలేదు వదినా."

"ఎవరి గురించైనా?"

"లేదు."

"మరి ఎందుకు చేసింది?"

నేను టీ చల్లారిపోతోందని చెప్పాను.

ఆ నెల కాగితం రాలేదు. ఎందుకు రాలేదని దారినపోయేవాళ్ళు కిటికీలోంచి అడిగేవాళ్ళు. మిషను చెడిందని నేనే చెప్పేదాన్ని. అక్క ముందుగదిలో టైపు మిషను మీద గుడ్డ కప్పి దాని ముందు కూర్చునేది. నాతో పనికి కావలసిన మాటలే మాట్లాడేది. ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే అంది:

"ఇంకెన్నాళ్ళే?"

"ఎవరికీ ప్రమాదం లేదు కదక్కా ఇప్పుడు. పోయిన పిల్ల ఎలాగూ రాదు. చెప్పి మనం ఏం బావుకుంటాం?"

"మనం బావుకోడానికా చెప్పమంటున్నది?"

"నా పిల్లలకి తండ్రి అక్కర్లేదా?"

"ఆ పిల్లకి తండ్రి ఉన్నాడు. వెళ్ళి చూసిరా, ఎలా ఉన్నాడో." కంచం పక్కకి జరిపింది. "ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నీ మాట వినను."

నేను చూడకుండా ఏమీ లేను. అన్నయ్య ఉద్యోగానికి వెళ్ళడం లేదు. ఉత్తరాల సంచీ ఇంకెవరో మోస్తున్నారు. ఆయన గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఒకటే చెబుతున్నాడు. "ఇంటికి రావద్దన్నాను. రాలేదు." అంతే. ఏడవడు, గొంతు కూడా మారదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగలేక ఊసేస్తున్నాడు. వదిన గంజి కాచి చెంచాతో పోస్తోంది. వీధిలో అందరూ జాలిపడేవాళ్ళు. జాలిపడుతూనే, చూశారా, తండ్రే ఒప్పుకున్నాడు అనేవాళ్ళు.

ఇక్కడ మా ఆయన రాత్రీ పగలూ ఇంట్లోనే ఉన్నాడు. పని ఉందని పిలిస్తే ఒంట్లో బాగోలేదని చెప్పించేవాడు. పిల్లలు స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి, "పాడు, ఏదో ఒకటి పాడుతూ ఉండు," అనేవాడు. మాకు గీజరు లేదు. అయినా సరే.

శుక్రవారం మధ్యాహ్నం వదిన కబురు చేసింది. నేను వెళ్ళేసరికి చాప మీద జడపిల్ల పుస్తకాలన్నీ పరిచి ఉన్నాయి. నోటుపుస్తకాలు, గైడ్లు, పాత డైరీ. అన్నయ్య లోపల గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదినకి చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుని నాలుగు మాటలు చదవగలదు.

"నువ్వు చదివి చెప్పు," అంది. "ఒక్క పేజీ కూడా వదలకు. ఎక్కడో రాసే ఉంటుంది."

చదివాను. రైళ్ళ లెక్కలు, పనీ కాలం లెక్కలు, రాజధానుల పేర్లు. ఒక పేజీ చివర ఏదో పాట సగం. డైరీలో కొనవలసినవి: పిన్నులు, నీలం పెన్ను, అమ్మకి మోకాళ్ళ తైలం. వదిన నా వేలి వెంట కళ్ళు పోనిస్తోంది. ప్రతి పేజీకీ "ఇందులో?" అని అడుగుతోంది. "లెక్కలే వదినా," అంటున్నాను. ఒక గంట గడిచింది.

ఒక లెక్కల పుస్తకం వెనక అట్ట లోపల ఒక ఫోను నంబరు, దాని కింద ఒక మగపేరు. వదిన వేలు దాని మీద పడింది. అది మాత్రం తనే కూడబలుక్కుని చదివింది.

"ఎవడు వీడు?"

"కోచింగులో ఎవరో అయి ఉంటాడు వదినా. పుస్తకం ఇచ్చినవాడో, పుచ్చుకున్నవాడో."

"వీడే." ఆవిడ అట్ట చింపేసి మడతపెట్టి గుప్పిట్లో పెట్టుకుంది. "రాత్రి ఫోనులో వీడే. మా తమ్ముళ్ళు సాయంత్రానికి వస్తున్నారు. వాడి ఇల్లు కనుక్కుంటారు. వాడి కాళ్ళు విరిచినా, ప్రాణం తీసినా నేను అడ్డు చెప్పను. ఆయనకీ తెలుస్తుంది, తన మాట వల్ల కాదని. అప్పుడైనా ముద్ద దిగుతుంది."

ఆవిడ ముఖంలో చాలా రోజుల తర్వాత ఒక వెలుగు కనిపించింది. పట్టుకోడానికి ఏదో దొరికినవాళ్ళ వెలుగు.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆ కుర్రవాడెవరో నాకు తెలియదు. కానీ నా పెదవులు నేను చెప్పకుండానే కదిలాయి.

"వదినా, ఆ పిల్ల ఏమీ చేసుకోలేదు."

"నీకేం తెలుసు?"

చెప్పాను. ఎలా చెప్పానో సరిగ్గా గుర్తులేదు. షీటు గురించి ముందు చెప్పాను, తర్వాత గీజరు, తర్వాత కంపెనీ పుస్తకంలో మూడో పేజీ. వాసన ఉండదని చెప్పాను. నొప్పి కూడా తెలియదట అని చెప్పాను. అది పుస్తకంలో లేదు, నేనే కలిపాను. వాషరు సంగతి అబద్ధమని చెప్పాను. వదిన గుప్పిట అలాగే ఉంది. నేను ఆపాక ఒకటే అడిగింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"పదకొండు రోజులైంది."

లోపల మంచం కిర్రుమంది. అన్నయ్య లేచి కూర్చున్న చప్పుడు. వదిన వంగి పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. పెద్దవి కింద, చిన్నవి పైన. నేనూ ఒకటి అందుకోబోతే నా చెయ్యి తోసేసింది.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన లేచి ముఖం కడుక్కున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పెద్దవాడి తల నిమిరి, చిన్నదాని జడ సరిచేశాడు. ఆయనకి జడ వేయడం రాదు, ఉన్నదాన్ని వదులు చేసి వదిలాడు. అక్క ఆ రెండు సలహాలున్న కాగితాలూ, కంపెనీ పుస్తకం ఒకటీ కవరులో పెట్టుకుని బయటికొచ్చింది.

"నువ్వెందుకు వదినా, పని నాది," అన్నాడు ఆయన.

"రాసింది నేను. పద."

పోలీసు స్టేషనుకి బయల్దేరి గేటు దాకా వెళ్ళేసరికి అన్నయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. రెండు వారాల గడ్డం, బొత్తాలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్న యూనిఫాం చొక్కా. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"చూపించు మేస్త్రీ," అన్నాడు. ఎప్పుడూ బావా అని పిలిచే మనిషి.

వెనకే వెళ్ళాం. బల్ల పక్కకి లాగి వాళ్ళిద్దరూ ఆ గదిలోకి వెళ్ళారు. ఇద్దరు నిలబడితే ఇంక చోటు లేదు. వదిన, అక్క, నేను బయట నిలబడ్డాం. మా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఇళ్ళలో పైపు ఎక్కడ కారుతోందో చెప్పేటప్పుడు ఎలా చెబుతాడో సరిగ్గా అలాగే చెప్పాడు. ఆయనకి ఇంకోలా చెప్పడం రాదు. ఇది మంట. ఇది ఇక్కడ గాలి తీసుకుంటుంది. గాలి ఇక్కడి నుంచి రావాలి. ఇది నేను కొట్టిన షీటు. తలుపు కింద గడప ఉంది కాబట్టి అక్కణ్ణించి రాదు. పది నిమిషాలైతే తట్టుకోవచ్చు. తల అంటుకోడానికి అరగంట పట్టింది.

"తలుపు కాస్త తెరిచి ఉంటే?"

"బతికేది బావా."

"షీటుకి ఒక మూల ఊడి ఉంటే?"

"బతికేదేమో. నేను గట్టిగా కొట్టాను," అన్నాడు మా ఆయన.

అన్నయ్య కాసేపు ఆ షీటు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, డాక్టరుని అడిగినట్టు అడిగాడు.

"పొద్దున నేను తిట్టాను. ఏడుస్తూ వెళ్ళుంటుంది. ఏడ్చేవాళ్ళు గాలి ఎక్కువ పీలుస్తారు కదా. అందుకని తొందరగా ఎక్కిందంటావా?"

"లేదు బావా. దానికీ దీనికీ ఏ సంబంధం లేదు."

"నీకెలా తెలుసు. నీకు షీటు ఉన్న సంగతే తెలీదు."

అన్నయ్య బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. ముందు ఆయన, వెనక మా ఆయన, ఆ వెనక కవరు పట్టుకుని అక్క, ముగ్గురూ స్టేషను వైపు నడిచారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకే పని మీద పోతున్నవాళ్ళలాగా.

నేను వదిన వైపు తిరిగాను. ఏం చెబుదామని తిరిగానో తెలియదు.

"ఆ రోజు నా వంటింట్లో నాకు టీ పెట్టిచ్చావు," అంది ఆవిడ. ఇంట్లోకి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది.

ఇంటికి వెళ్ళాలనిపించలేదు. వీధి చివరిదాకా నడిచాను. కొట్టు దగ్గర ఐదారుగురు ఆడవాళ్ళు ఉన్నారు. ముగ్గురూ స్టేషను దారిలో వెళ్ళడం అప్పుడే చూసినట్టున్నారు, నన్ను చూసి మాట ఆపేశారు. కొట్టావిడ తక్కెడ దించి, "ఏమైందే, మీ ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నాడు ఆ పోస్టాయన?" అంది.

"వింటానంటే చెబుతాను," అన్నాను. "కానీ ఈసారి మధ్యలో నువ్వేమీ కలపకూడదు."

ఆవిడ స్టూలు ఇటు జరిపింది. నేను కూర్చోలేదు. వానాకాలంలో దోమల దగ్గర్నుంచి మొదలుపెట్టి, గట్టిగా, వెనకున్న వాళ్ళకి కూడా వినబడేలా చెప్పాను.